సంతకం కోసం వచ్చినవారు

అమెరికాలో మేమున్న ఊరి కమ్యూనిటీ కాలేజీలో (రెండేళ్ళ చదువు చెప్పే స్థానిక కాలేజీ) ఏడాదికి నాలుగు సాయంత్రాలు ఎవరో ఒక రచయిత వచ్చి తన రచన చదివి వినిపించే ఏర్పాటు కొన్నేళ్ళుగా ఉంది. టికెట్టు లేదు, ముందుగా పేరు నమోదు చేసుకోవడం లేదు, ఆ కాలేజీలో చదువుతూ ఉండాలన్న నియమమూ లేదు. తలుపు తోసుకుని ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు. వచ్చే విద్యాసంవత్సరం నుంచి అవి రెండే ఉంటాయని, అక్కడ పార్ట్‌టైముగా ఇంగ్లీషు పాఠాలు చెప్పే మిత్రుడొకరు మొన్న భోజనాల దగ్గర చెప్పారు. కారణం డబ్బు ఒక్కటే కాదట. వచ్చేవాళ్ళ సంఖ్యే తక్కువనీ, ఆ వచ్చినవాళ్ళలోనూ అత్యధికులు ఎక్స్‌ట్రా క్రెడిట్ మార్కుల కోసం వచ్చిన విద్యార్థులేననీ, వాళ్ళను తీసేస్తే సాహిత్యం మీద ఆసక్తితో వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది మిగులుతారనీ ఒక కమిటీ తేల్చిందట. నేనేదో అనబోతుంటే ఆయనే అడ్డుపడి, “అది సభ కాదండీ, హాజరుపట్టీ” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మాట చమత్కారంగా ఉంది కాబట్టి నవ్వాను గాని, ఇంటికి వచ్చాక ఆ నవ్వు మింగుడుపడలేదు. ఎందుకంటే, నేను మొదటిసారి అక్కడికి వెళ్ళిన రోజున నన్ను లోపలికి తీసుకువెళ్ళింది కూడా సాహిత్యాభిమానం కాదు. ఆ సంగతి గుర్తు చేసుకున్నకొద్దీ కమిటీ తర్కం తలకిందులుగా ఉందని నాకు నమ్మకం కుదిరింది. మార్కుల కోసం వచ్చే ఆ పిల్లలను ఆ సభలకు పట్టిన తాలుగా లెక్కగట్టి తీసివేయడం పొరపాటు; కమ్యూనిటీ కాలేజీలో రచయిత చేత చదివించడానికి అంతకంటే మంచి కారణం వేరే లేదు. ఇది కాస్త మొండివాదంగా కనిపిస్తుందని నాకు తెలుసు. అందుకే తాపీగా రాస్తున్నాను.

వాన పడిన సాయంత్రం

మా అమ్మాయి పదకొండో తరగతిలో ఉండగా, హైస్కూల్లో ఉంటూనే కాలేజీ కోర్సులు చదువుకోనిచ్చే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ కింద ఆ కాలేజీలో ఇంగ్లీషు కాంపొజిషన్ కోర్సు తీసుకుంది. (ఈ దేశంలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఆ ఏర్పాటు గురించి నేను చెప్పవలసిన పనిలేదు. రేపు యూనివర్సిటీ ఫీజులో ఎంత కలిసొస్తుందో మనవాళ్ళకు కంఠతా వచ్చు.) రచయిత సభకు వెళ్ళి, అక్కడి కాగితం మీద సంతకం పెట్టి, విన్నదాని మీద ఒక పేజీ రాసిస్తే అయిదు మార్కులు కలుపుతానని ఆ కోర్సు చెప్పే ఆవిడ చెప్పారు. పిల్లకు అప్పటికి లైసెన్సు రాలేదు. తనను దింపి, పార్కింగ్ లాట్‌లో కారులోనే కూర్చుని ఆఫీసు ఈమెయిళ్ళు చూసుకుందామనుకున్నాను. వాన జోరందుకుంది. అద్దాలకు ఆవిరి పట్టింది. ఫోనులో ఛార్జింగు పడిపోయింది. ఇక చేసేది లేక లోపలికి వెళ్ళాను.

లైబ్రరీ పై అంతస్తులో ఒక గది. అరవై దాకా మడత కుర్చీలు వేశారు. సగానికి పైగా నిండాయి. గుమ్మం పక్కన బల్ల మీద సంతకాల కాగితం, దానికి దారంతో కట్టిన పెన్ను, ప్లాస్టిక్ డబ్బాలో బిస్కెట్లు ఉన్నాయి. కాగితంలో మూడు గడులు గీశారు: పేరు, విద్యార్థి సంఖ్య, కోర్సు. నేను పేరు రాసి మిగతా రెండూ ఖాళీగా వదిలేశాను. ముందు వరుసలో తలలు నెరిసినవాళ్ళు నలుగురైదుగురు, ఒకరినొకరు ఎరిగినవాళ్ళలాగా కూర్చున్నారు. వెనక వరుసలన్నీ పిల్లలవి. పిల్లలనడం కూడా సరికాదు. వాళ్ళలో నా ఈడువాళ్ళూ ఇద్దరున్నారు. నర్సింగ్ క్లాసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఒక అమ్మాయి ఆసుపత్రి పనిలో వేసుకునే నీలం స్క్రబ్స్‌లోనే ఉంది. బురదంటిన పనిబూట్లతో ఒక కుర్రాడు గోడకు తల ఆనించి అప్పటికే కళ్ళు మూశాడు.

వచ్చినాయన కథారచయిత, అరవై దాటినవాడు. పేరున్నవాడే గాని, విమానాశ్రయంలోని పుస్తకాల కొట్టులో దొరికేటంత పేరు కాదు. మొదటి కథ ఇరవై నిమిషాలు చదివాడు, అదీ పప్పులో ఉప్పు లేనట్టు. సంభాషణలో ఎవరు ఎవరితో అంటున్నారో తెలియనంత ఒకే గొంతు. గదిలో కుర్చీలు కదలడం, ఎవరిదో బ్యాగు జిప్పు తీయడం, వేయడం వినిపిస్తూనే ఉన్నాయి. నా మనసు కూడా కారు అద్దాల మీదికి పోయింది.

రెండో కథ మధ్యలో ఒక సంగతి గమనించాను. నేను పక్క గోడ దగ్గర, ఆయనకు ఆరడుగుల దూరంలో కూర్చున్నాను. ఆయన చూపు పేజీ మీద వరుసగా కిందికి దిగడం లేదు. ఉన్నట్టుండి నాలుగైదు పంక్తులు దూకుతోంది. తల కాస్త చాచి చూస్తే తెలిసింది. చేతిలో ఉన్నది అచ్చయిన పుస్తకమే. దాని నిండా పెన్సిలు గీతలు. ఒక పేరా మొత్తానికి అడ్డంగా వాలుగీత, అంచున ఒక బాణం, ఆ బాణం మొన పక్క పేజీ మధ్యదాకా వెళ్ళింది. ఒకచోట ఒక్క మాటను మూడుసార్లు దిద్దినట్టు కాగితం నల్లబడింది. తన పేరుతో, తన బొమ్మతో అట్టవేసి అచ్చైన పుస్తకాన్ని ఆయన బడిపిల్లవాడి నోటుబుక్కులాగా దిద్దుకుంటూ చదువుతున్నాడు.

ప్రశ్నల సమయంలో ముందు వరుసలోని ఒక పెద్దాయన ఆయన మీద ఎవరెవరి ప్రభావం ఉందని అడిగారు. దానికి అలవాటైన జవాబు వచ్చింది. తరువాత స్క్రబ్స్ అమ్మాయి చెయ్యి ఎత్తింది. ఆమె దగ్గర వాళ్ళ టీచరు ఇచ్చిన జిరాక్సు కాగితాలున్నాయి, వాటిలో చూసుకుంటూ వింటున్నట్టుంది. “ఇక్కడున్న పేరా మీరు చదవలేదు. అచ్చయిపోయాక కూడా కొట్టెయ్యొచ్చా?” అని అడిగింది. ఆయన ఒక్క క్షణం ఆగి, పుస్తకం ఆమె వైపు తిప్పి ఎత్తి చూపించాడు. ఆ కథను మొదటిసారి ఒక ఊళ్ళో చదివినప్పుడు సరిగ్గా ఆ పేరా దగ్గర కుర్చీలు కిర్రుమన్నాయట. రెండోసారి వేరే ఊళ్ళో అదే చోట మళ్ళీ కిర్రుమన్నాయట. మూడోసారికి పెన్సిలు తీశాడట. “ఇవాళ మీరు మొదటి కథలో ఇంకో రెండు చోట్లు చూపించారు” అన్నాడు. గది ఘొల్లుమంది. బూట్ల కుర్రాడు కూడా లేచి నవ్వాడు, దేనికి నవ్వుతున్నామో పక్కవాణ్ణి అడుగుతూ.

తిరుగుదారిలో మా అమ్మాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తరువాత, “అమ్మా, మా టీచర్ నా వ్యాసంలో పేరా కొట్టేస్తే నాకు ఏడుపొచ్చింది, గుర్తుందా? ఆయనైతే తనే కొట్టేసుకుంటున్నాడు” అంది. అంతే. తను ఆ రోజుతో సాహిత్యం వైపు తిరిగిందనీ, రాత్రింబవళ్ళు కథలు చదవడం మొదలుపెట్టిందనీ రాస్తే ఈ వ్యాసానికి బాగా అమరేది, కాని అలాంటిదేమీ జరగలేదు. ఇప్పుడు అకౌంటింగ్ చదువుకుంటోంది, నేను పంపే కథలు తెరవను కూడా తెరవదు.

కిర్రుమనే కుర్చీలు

సాహిత్యం మీద ప్రేమతో సభకు వచ్చేవాళ్ళతో ఒక చిక్కుంది, నేనూ వాళ్ళలో ఒకరిని కాబట్టి చెబుతున్నాను. మేము మర్యాదస్తులం. విసుగు పుట్టినా కదలం. రచయిత చదువుతున్నంతసేపూ ఏదో లోతు అందుకుంటున్నట్టు తల కొంచెం వంచి కూర్చుంటాం. అయ్యాక “చాలా బాగుంది” అంటాం. ఆ మాట వల్ల రచయితకు కొంత సంతోషం కలుగుతుందేమో గాని, ఏ పేరా కొట్టేయాలో మాత్రం తెలియదు. అయిదు మార్కుల కోసం వచ్చినవాడికి ఈ మొహమాటం లేదు. కథ పట్టు తప్పిన చోట వాడి కుర్చీ కిర్రుమంటుంది, పట్టుకున్న చోట ఆగుతుంది. అంత నిక్కచ్చి కొలబద్ద రచయితకు ఇంకెక్కడా దొరకదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంగ్లీషు నవలాకారుడు చార్లెస్ డికెన్స్ మొట్టమొదటి బహిరంగ పఠనాలు 1853 డిసెంబరులో బర్మింగ్‌హాం టౌన్‌హాలులో జరిగాయి. వయోజనుల చదువు కోసం ఆ ఊళ్ళో పెట్టబోతున్న ఒక విద్యాసంస్థకు విరాళంగా, డబ్బు తీసుకోకుండా ఆయన చదివాడు. వాటిలో ఒక రాత్రి శ్రామికుల కోసం ప్రత్యేకంగా, వాళ్ళు ఇచ్చుకోగలిగినంత తక్కువ ధరకే ప్రవేశం పెట్టాలని ఆయనే పట్టుబట్టాడు. ఆ రాత్రి శ్రోతలు ఒక్క మాట కూడా జారవిడవలేదని తరువాత ఒక ఉత్తరంలో మెచ్చుకున్నాడు. మొదటిసారి ఆయన క్రిస్మస్ కథ చదవడానికి దాదాపు మూడు గంటలు పట్టింది; ఊరూరా చదువుతూ, జనం ముఖాలు చూస్తూ, కోస్తూ కోస్తూ దాన్ని గంటన్నర లోపుకు తెచ్చాడు. ఆయన కోతలు పెట్టుకున్న పఠన ప్రతులు ఇప్పటికీ న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఉన్నాయి. మా ఊరి లైబ్రరీ గదిలో నేను చూసిన పెన్సిలు గీతలు ఆ వంశానివే.

అదే డికెన్స్ 1867 చివర అమెరికా వచ్చి, బోస్టన్‌లో మొదలుపెట్టి, నాలుగైదు నెలల్లో 76 సభలు చదివాడు. అప్పటికి అది పెద్ద వ్యాపారం. టికెట్ల కోసం జనం చలిలో రాత్రంతా వరుసల్లో నిలబడ్డారు; బ్లాకులో అమ్మేవాళ్ళు పోగయ్యారు. ఆ సభలు గొప్పవి కావని నేను అనడం లేదు. కాని టికెట్టు కొన్నవాడు అప్పటికే ఒప్పుకుని వచ్చినవాడు, అతన్ని ఎవరూ ఒప్పించనక్కరలేదు.

వినిపించడం, బలవంతం

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది. మార్కులు ఎర చూపి రప్పించడం వల్ల సాహిత్యం మీద ఉన్న కాస్త ఇష్టం కూడా పోతుందని. చిన్నప్పుడు పద్యాలు అప్పచెప్పలేక చేతుల మీద దెబ్బలు తిని, ఈ రోజుకీ పద్యమంటే మొహం తిప్పుకునేవాళ్ళు మన తరంలో ఎంతమంది లేరు? ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కాని రెంటికీ తేడా ఉంది. ఇక్కడ అప్పచెప్పడం లేదు, తప్పితే దండన లేదు, రాని వాడికి పోయేదీ లేదు. వచ్చినవాడు గంటసేపు ఒకచోట కూర్చుంటే చాలు. పూర్వం పురాణ కాలక్షేపానికి వచ్చినవాళ్ళందరూ భక్తితోనే వచ్చారా? ప్రసాదం కోసం వచ్చిన పిల్లలూ, చలిగాలికి తలదాచుకోవడానికి వచ్చినవాళ్ళూ, నలుగురు కనిపిస్తారని వచ్చినవాళ్ళూ ఉండేవారు. పురాణం చెప్పే ఆయన వాళ్ళను లేపి పంపించలేదు. వాళ్ళ చెవిన కూడా నాలుగు పద్యాలు పడ్డాయి.

అసలు ఆసక్తి ఉన్నవాళ్ళే రావాలనడంలో ఒక పొరపాటు దాగి ఉంది. ఆసక్తి అన్నది ముందు పుట్టి, మనిషిని సభకు నడిపిస్తుందని మనం అనుకుంటాం. ఇంట్లో పుస్తకాల మధ్య పెరిగినవాళ్ళ విషయంలో అది నిజం కావచ్చు. పుస్తకం రాసిన మనిషిని జన్మలో ఒక్కసారైనా చూడనివాడికి ఆ ఆసక్తి ఎక్కడినుంచి వస్తుంది?

ఈ కాలేజీల విద్యార్థులెవరో కూడా గుర్తుంచుకోవాలి. అమెరికాలో సుమారు వెయ్యి కమ్యూనిటీ కాలేజీలున్నాయి. వాటిలో డిగ్రీకి లెక్కకొచ్చే క్రెడిట్ కోర్సులు తీసుకునేవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైము వాళ్ళే. చాలా కాలేజీలకు హాస్టళ్ళుండవు. క్లాసు అయిపోగానే జనమంతా పార్కింగ్ లాట్‌కు, అక్కడినుంచి ఉద్యోగానికో, డేకేర్‌లో ఉన్న బిడ్డ దగ్గరికో పరుగెత్తుతారు. అలాంటి మనిషి ఇంట్లో “నేను కథ వినడానికి వెళుతున్నాను” అని చెప్పి గంటసేపు మాయం కావడం అంత సులభమైన పని కాదు. “క్లాసు పని” అంటే ఎవరూ మాట్లాడరు. ఆ అయిదు మార్కులను నేను ఎర అనుకోను, అనుమతి చీటీ అనుకుంటాను. స్క్రబ్స్ అమ్మాయి అయిదు మార్కుల కోసమే వచ్చిందని కమిటీ రాసుకుని ఉంటుంది. ఆమె అయిదు మార్కుల పేరు చెప్పి వచ్చిందేమోనన్న అనుమానం వాళ్ళకు ఎందుకు రాలేదో!

ఈ కాలేజీలను కేవలం ఉద్యోగ శిక్షణకే పెట్టారనుకోవడం కూడా చరిత్రకు సరిపడదు. ఈ తరహా కాలేజీల్లో తొలినాటిదైన ఇల్లినాయ్‌లోని జోలియెట్ జూనియర్ కాలేజీ, విశ్వవిద్యాలయపు మొదటి రెండేళ్ళ చదువును ఊళ్ళోనే చెప్పడానికి 1901లో మొదలైంది. కమ్యూనిటీ కాలేజీ అనే పేరును దేశమంతటా వ్యాప్తిలోకి తెచ్చింది అధ్యక్షుడు ట్రూమన్ ఉన్నతవిద్య మీద వేసిన కమిషన్ 1947లో ఇచ్చిన నివేదిక. కోర్సుల్లో చేరినా చేరకపోయినా ఊరందరికీ ఆ కాలేజీ ఒక విద్యాకేంద్రంగా ఉండాలన్నది ఆ నివేదికలోని ఊహ. దాన్ని నిజం చేసి చూపినవాళ్ళూ ఉన్నారు. ఫ్లోరిడాలో, అప్పట్లో కమ్యూనిటీ కాలేజీ అయిన మయామీ డేడ్ కాలేజీ ఆవరణలో 1984లో రెండు రోజుల పుస్తకాల వేడుకగా మొదలైనది ఈ రోజు దేశంలోని పెద్ద పుస్తక మహోత్సవాల్లో ఒకటి.

కవయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ 1936లో పట్టా పుచ్చుకున్నది షికాగోలోని విల్సన్ జూనియర్ కాలేజీ నుంచి. ఆమె చదువు ఆ రెండేళ్ళ కాలేజీతోనే ఆగింది. 1950లో పులిట్జర్ బహుమతి అందుకున్న మొదటి నల్లజాతి రచయిత ఆమె. తరువాత ఇల్లినాయ్ రాష్ట్రకవిగా, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కవితా సలహాదారుగా పనిచేసిన ఆమె బడులకూ, జైళ్ళకూ వెళ్ళి చదివేవారు. పిల్లల కవితల పోటీలకు తన సొంత డబ్బుతో బహుమతులిచ్చేవారు. జైలులో శ్రోతలు ఎంతవరకు సొంత ఆసక్తితో వచ్చారో లెక్కగట్టాలని ఆమెకు తోచి ఉండదు.

ఎవరి డబ్బు

ఇప్పుడు నాకు నిజంగా ఇబ్బంది కలిగించే ప్రశ్నకు వస్తాను. ఉచితం అన్నాం, కాని ఖర్చు ఎవరిది? చాలా కాలేజీల్లో ఇలాంటి కార్యక్రమాలకు డబ్బు విద్యార్థులు కట్టే యాక్టివిటీ ఫీజు నుంచి వస్తుంది. చాలా రాష్ట్రాల్లో స్థానిక ఆస్తిపన్నులో కొంత భాగం ఈ కాలేజీలకు వెళుతుంది కాబట్టి మేము కూడా ఎంతో కొంత ఇస్తున్నామని సమాధానం చెప్పుకోవచ్చు గాని, ఆ సాయంత్రం నేను తిన్న బిస్కెట్టు, కూర్చున్న కుర్చీ, విన్న కథ స్క్రబ్స్ అమ్మాయి ఫీజులోంచే వచ్చి ఉండడానికి అవకాశం ఎక్కువ. రాత్రి డ్యూటీ చేసి ఫీజు కట్టుకునే పిల్లల డబ్బుతో ముందు వరుసలోని మాబోటివాళ్ళకు వినోదం ఏర్పాటు చేస్తున్నారని ఎవరైనా అంటే, నా దగ్గర చప్పున జవాబు లేదు.

తాపీగా ఆలోచిస్తే తోచే జవాబు ఇది. డబ్బు వాళ్ళది కాబట్టి సభ కూడా వాళ్ళ వీలును బట్టి జరగాలి. రాత్రి ఏడు గంటల సభ రిటైరైనవాళ్ళకు అనుకూలం. కొన్ని కాలేజీల్లో వారానికి ఒకటి రెండు రోజులు మధ్యాహ్నం పూట క్లాసులు పెట్టకుండా ఒక గంట వదిలేస్తారు, కాలేజ్ అవర్ అంటారు. రచయితను ఆ గంటలో చదివించాలి. అలా చేస్తే నేను ఆఫీసు మానుకుని రావలసి ఉంటుంది. రావలసిందే.

అయిదు డాలర్ల టికెట్టు పెడితే విలువ తెలిసినవాళ్ళే వస్తారనీ, ఫీజు మీద భారం కూడా తగ్గుతుందనీ మిత్రుడు అన్నారు. అయిదు డాలర్లు నాకు లెక్క కాదు. కాని టికెట్టు అంటే గుమ్మం దగ్గర ఒక మనిషి, ఒక ప్రశ్న. లోపలికి వెళ్ళాలని ముందే నిశ్చయించుకున్నవాణ్ణి ఆ ప్రశ్న ఆపదు; నిశ్చయించుకోనివాణ్ణి తప్పకుండా ఆపుతుంది. ఆ వాన రోజున గుమ్మంలో టికెట్టు అడిగి ఉంటే, నేను వెనక్కి తిరిగి వెళ్ళి ఆవిరి పట్టిన కారులోనే కూర్చునేదాన్ని.

ఉచితం వినేవాళ్ళకే. చదివేవాళ్ళకు కాదు. “పుస్తకాలు అమ్ముకుంటారు కదా, వేరే ఇవ్వడం దేనికి” అనే ధోరణి అక్కడక్కడ వినబడుతూ ఉంటుంది. ఆ రాత్రి బల్ల మీద పెట్టిన పుస్తకాల్లో మూడో నాలుగో అమ్ముడుపోయాయి, వాటిలో ఒకటి నేను కొన్నది. దానితో ఆయన కారు పెట్రోలు ఖర్చు కూడా రాదు. పొయెట్స్ అండ్ రైటర్స్ అనే సంస్థ ఇలాంటి చిన్న సభల్లో చదివే రచయితలకు చిన్న చిన్న మొత్తాలు చెల్లించే కార్యక్రమాన్ని చాలా ఏళ్ళుగా నడుపుతోంది, ఆ పద్ధతి నాకు నచ్చుతుంది. పైనుంచి వచ్చే డబ్బును మాత్రం నమ్ముకోలేం. కళలకు సాయం చేయడానికి కేంద్ర ప్రభుత్వం 1965లో స్థాపించిన నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్, 2025 మే నెలలో అప్పటికే మంజూరు చేసిన గ్రాంట్లను కూడా ఎన్నో సంస్థలకు రద్దు చేసింది. అలాంటి రోజుల్లో కాలేజీ నాలుగు సభలను రెండుకు తగ్గించిందంటే నేను అర్థం చేసుకోగలను. డబ్బు లేదని చెబితే సరిపోయేది. శ్రోతలు నిఖార్సయినవాళ్ళు కారని చెప్పడం దేనికి?

వీడియో ఉంది కదా అనే మాట కూడా వచ్చింది. ఉంది, నేనూ చూస్తాను, వంట చేస్తూ. వీడియోలో కుర్చీలు కిర్రుమన్నా రచయితకు వినపడదు.

రచయితలు చేసే తప్పులు

ఈ సభలన్నీ బాగుంటాయని నేను వాదించడం లేదు. ఆ తరువాత నేను వెళ్ళినవాటిలో మూడు వంతులు నీరసంగానే సాగాయి. పరిచయం చేసేవారు రచయితకు వచ్చిన బహుమతుల జాబితా ఆసాంతం చదువుతారు. రచయిత “ఇంకొక్కటే” అని మూడుసార్లు అంటాడు. ఒక కవయిత్రి ప్రతి కవితకూ ముందు చెప్పిన వివరణ ఆ కవిత కంటే పొడుగ్గా ఉంది, కవిత కంటే బాగుంది కూడా.

అయినా ఒక విషయంలో మాత్రం మన సభల కంటే ఇవి నాకు నచ్చుతాయి. మన పుస్తకావిష్కరణలకు వెళితే అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి వరుసగా పుస్తకం గురించి మాట్లాడతారు. శాలువాలు కప్పుతారు, ఫొటోలు తీస్తారు. చివర రచయితకు అయిదు నిమిషాలిస్తే, ఆ అయిదు నిమిషాలూ కృతజ్ఞతలకే సరిపోతాయి. మూడు గంటలు కూర్చున్నా ఆ పుస్తకంలోని ఒక్క పేరా చెవిన పడదు. ఇక్కడ, నీరసంగానైనా, పుస్తకమే చదువుతారు.

కవి, విమర్శకుడు డేనా జోయా 1991లో అట్లాంటిక్ పత్రికలో రాసిన వ్యాసంలో, అమెరికన్ కవిత్వం విశ్వవిద్యాలయాల గోడల మధ్య కవులు కవులకు వినిపించుకునే వ్యవహారంగా మారిపోయిందని బాధపడ్డాడు. ఆయన చేసిన సూచనల్లో ఒకటి, కవులు బహిరంగంగా చదివేటప్పుడు కొంత సమయం ఇతరుల కవితలు చదవడానికి కేటాయించాలని. ఆ సూచన మా కాలేజీ నిర్వాహకులకు గట్టిగా చెప్పాలని ఉంది. వేరొకరి రచన చదివేటప్పుడు రచయితల గొంతులో వచ్చే ప్రాణం సొంతది చదివేటప్పుడు చాలామందికి రాదు. కాని ఆయన ఫిర్యాదు మాత్రం ఈ గదికి వర్తించదు. ఇక్కడ వింటున్నవాళ్ళు నర్సులు కాబోయేవాళ్ళు, వెల్డింగ్ నేర్చుకుంటున్నవాళ్ళు, నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ ఇంగ్లీషు కాంపొజిషన్ కట్టినవాళ్ళు. వాళ్ళలో కవులు లేరని కాదు. ఉన్నా, తాము కవులమని వాళ్ళకింకా తెలియదు.

ఇంత రాశాక ఒక సందేహం మిగిలింది. మిత్రుడికి ఫోను చేసి, కమిటీకి ఆ లెక్కలు ఎక్కడినుంచి వచ్చాయని అడిగాను. గుమ్మం దగ్గర సంతకాల కాగితాలుంటాయి కదా, వాటినుంచే, అన్నారు. వాటిలో విద్యార్థి సంఖ్య ఉన్న వరుసలను ఒక చోట, లేని వరుసలను ఒక చోట కూడారట. మార్కులు అక్కరలేనివాళ్ళు ఆ కాగితం మీద సంతకం ఎందుకు పెడతారని అడిగాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. ముందు వరుసలోని పెద్దవాళ్ళు బిస్కెట్టు తీసుకుని నేరుగా వెళ్ళి కూర్చోవడం నేను చూశాను. వాళ్ళలో ఎవరూ పెన్ను పట్టుకోలేదు. ఏ మార్కులూ లేకుండా మళ్ళీ వచ్చిన విద్యార్థులు ఎంతమంది ఉన్నారో ఆ కాగితానికి తెలియదు. స్క్రబ్స్ అమ్మాయిని నేను ఆ తరువాత రెండు సభల్లో చూశాను. రెండోసారి ఆమె గుమ్మం దగ్గర ఆగకుండానే లోపలికి వచ్చింది.

“మరి మీరు రాశారా?” అని మిత్రుడు అడిగారు. మొదటిసారి పేరు రాసి, మిగతా రెండు గడులూ వదిలేశానని చెప్పాను. అలాంటి వరుసలను అసంపూర్ణమని పక్కన పెట్టేశారేమో కనుక్కుంటానన్నారు. ఇంకా కబురు రాలేదు. వసంతకాలం సభ వచ్చే నెలలో ఉంది, సాయంత్రం ఏడు గంటలకే. విద్యార్థి సంఖ్య గడిలో ఈసారి ఏం రాయాలో ఆలోచిస్తున్నాను.